డిస్ట్రిక్ట్ సిక్స్ ఇంటి వస్తువులు: ఫోటో, ఉత్తరం, క్యాసెట్లు, తాళంచెవి. సలహాలు కావాలి

కేప్‌గాలి:
దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరపు డిస్ట్రిక్ట్ సిక్స్‌లో పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ పెట్టె ఇది. అన్ని జాతులవాళ్ళూ కలిసి బతికిన ఆ పేటని వర్ణవివక్ష సర్కారు ఖాళీ చేయించి కూల్చేసింది. అందులో నాలుగున్నాయి. చేత్తో రంగులద్దిన పెళ్ళి ఫోటో, ఫ్రేము గాజుకు అతుక్కుపోయింది. ఏ జాతివాళ్ళు ఎక్కడుండాలో నిర్ణయించిన గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఇల్లు ఖాళీ చెయ్యమన్న టైపు ఉత్తరం, మడతల దగ్గర చిరిగింది. సి-60 క్యాసెట్లు మూడు, ఒకదాంట్లో ఆదివారం పూట కుసిస్టర్లు (పాకంలో వేసే తీపి వంటకం) ఎలా చెయ్యాలో చెప్పారట. ఇంకోటి తాళంచెవి. ఏది ముందు చూడాలి? ఆ ఇల్లు ఇప్పటి మ్యాపులో ఎక్కడ పడుతుంది?

పాతకాగితం:
ఉత్తరం ముందు. లామినేషన్ షాపు గుమ్మం తొక్కొద్దు. వేడికి జిగురు కాగితంలోకి దిగిందంటే ఇక విడదీసే దారి లేదు. సెల్లోటేపూ వద్దు, కొన్నేళ్ళకు పసుపు మరక వదులుతుంది. రెండువైపులా 400 డీపీఐలో స్కాన్ చెయ్యండి, వెనక ముద్ర ఉన్నా వదలొద్దు. తర్వాత పాలియెస్టర్ కవరు. పీవీసీ అయితే ప్లాస్టిక్ చెప్పుల వాసన కొడుతుంది, అది తీసుకోకండి. మడతలు పూర్తిగా సాపు చెయ్యాలని ఇస్త్రీ పెట్టేవాళ్ళని ఏమనాలో తెలీదు.

సిల్వర్‌బాత్:
ఫోటో చాలా తేలిక. గాజుతో సహా ట్రేలో, 20 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్‌లో ముంచండి. అరగంటకి ఫోటో మీది జెలటిన్ పొర ఉబ్బి అదే వదులుతుంది. బ్లాటింగ్ పేపరు మీద ఆరబెట్టండి. అయిపోయింది.

జెలటిన్‌జాగ్రత్త:
అయిపోయేది ఫోటో! "చేత్తో రంగులద్దిన" అని మొదటి పేరాలోనే ఉంది, చదివారా? అద్దిన రంగు నీళ్ళకి జారిపోవచ్చు. పైగా బూజు పట్టి ఉంటే అది జెలటిన్‌ని తినేసి నీళ్ళలో కరిగేట్టు చేస్తుంది. పెళ్ళికూతురి మొహం ట్రేలో కరిగిపోయి, గాజు మిగులుతుంది.

సిల్వర్‌బాత్:
మాస్టారూ, డార్క్‌రూంలో చేతులు నానబెట్టినవాణ్ణి, మీరు పుస్తకం చదివి చెప్తున్నారు. బూజు లేని నలుపు-తెలుపు ప్రింటుకి నా పద్ధతి కరెక్టే.

జెలటిన్‌జాగ్రత్త:
"బూజు లేని", "నలుపు-తెలుపు" అన్న రెండు షరతులూ ఇప్పుడా చేర్చేది? కేప్‌గాలి గారూ, గాజు నుంచి ఫోటోని పీకొద్దు. గాజుతోనే ఫోటో తియ్యండి. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద పెడితే రెండు గాజుల మధ్య ఇంద్రధనుస్సు గీతలు రావచ్చు. కెమెరా స్టాండు మీద, ఫోటోకి సమాంతరంగా. అటూ ఇటూ 45 డిగ్రీల్లో రెండు లైట్లు. కెమెరాకీ ఫోటోకీ మధ్య నల్లగుడ్డ అడ్డం కట్టి, లెన్సు పట్టేంత చిల్లు పెట్టండి, లేకపోతే గాజులో మీ కెమెరానే కనిపిస్తుంది. రంగులు సరిచూసుకోడానికి పక్కన గ్రే కార్డు (బూడిదరంగు అట్ట) ఉంచండి. కాపీ వచ్చాక అసలు దాన్ని గాజుతోనే వదిలేసి, వెనక పాత అట్ట తీసి ఆమ్లం లేని అట్ట పెట్టండి.

దర్బన్‌బాబు:
డిస్ట్రిక్ట్ సిక్స్ అనగానే అందరికీ కన్నీళ్ళు. మా దర్బన్‌లోని కాటో మానర్ పేట గుర్తులేదా? 1860 నుంచి మద్రాసు ఓడల్లో వచ్చిన మన తెలుగువాళ్ళ సంతతి కూడా దర్బన్‌లోనే ఉంది. భారతీయుల స్థలాల్లో ఆఫ్రికన్లు అద్దెకుండేవాళ్ళు, అదీ కలగలిసిన పేటే. భారతీయుల్ని చాట్స్‌వర్త్‌కి, ఆఫ్రికన్లని క్వామాషుకి తోలారు. వాళ్ళ వస్తువులు ఎవరు దాచారు?

కేప్‌గాలి:
బాబన్నా, దానికి వేరే చర్చ పెట్టండి, తప్పకుండా వస్తాను.

దర్బన్‌బాబు:
పెట్టినా ఎవరూ రారు, అదే చెప్తున్నా.

సర్వేసుబ్బు:
మ్యాపు మాట. అక్కడి ప్రధాన వీధి హానోవర్ స్ట్రీట్ లాంటి పాత వీధుల్ని నేరుగా ఇప్పటి మ్యాపులో వెతికితే పొరబడతారు, చాలా వీధులు మారిపోయాయి. కూల్చివేతకు ముందు తీసిన విమానం ఫోటో తెచ్చి, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేరులో జియోరిఫరెన్స్ చెయ్యండి, అంటే ఇప్పటి మ్యాపు మీద సరిగ్గా కూర్చోబెట్టండి. కూల్చకుండా వదిలినవాటిలో ప్రార్థనా స్థలాలున్నాయి: సెయింట్ మార్క్స్ చర్చి, మొరేవియన్ చర్చి, మ్యూర్ స్ట్రీట్ మసీదు, ఆస్పెలింగ్ స్ట్రీట్ మసీదు. ఈ నాలుగూ కంట్రోల్ పాయింట్లు, అంటే ఫోటోలోనూ మ్యాపులోనూ జతపరిచే గుర్తులు. పైకప్పు మూల కాదు, నేలను తాకే గోడ మూల పట్టుకోండి. లేదంటే ఎత్తు వల్ల కొన్ని మీటర్లు జరుగుతుంది. టేబుల్ మౌంటెన్ వాలు కనక నాలుగు చాలవు, ఆరేడు పెట్టండి.

పాతకాగితం:
బ్యూటెన్‌కాంట్ స్ట్రీట్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియంలో నేలమీదే పెద్ద వీధుల మ్యాపు ఉంది, పాత కాపురస్థులు తమ ఇంటి చోట పేర్లు రాశారు. అక్కడ నిలబడి చూపించమంటే ఆవిడ మీ సాఫ్ట్‌వేరుకంటే ముందు చెప్తుంది. కూల్చినప్పుడు దాచిన వీధి పేర్ల పలకలు కూడా అక్కడ వేలాడుతుంటాయి.

సూదీదారం:
అక్కడి పేర్ల గుడ్డ చూశారా? జనం మార్కర్‌తో పేరు రాస్తే దాని మీదే దారంతో కుట్టారు. సిరా వెలిసిపోతుంది, కుట్టు నిలుస్తుంది. దారం రంగు వదిలేదైతే మొత్తం పాడు. తడి తెల్లగుడ్డతో దారాన్ని గట్టిగా ఒత్తి చూసి, గుడ్డకు రంగు అంటకపోతేనే వాడాలి.

రికార్డింగ్‌రాజు:
క్యాసెట్లు. ముందు మొదలు నుంచి చివరిదాకా ఒకసారి తిప్పి, వెనక్కి తిప్పండి, తర్వాతే ప్లే. లోపల టేపుని నొక్కే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోతే గొంతు నీళ్ళలో మాట్లాడినట్టుంటుంది. రేకు మీద కొత్తది అంటించాలి. టేపుకి హెడ్ వాలుని సరిచేసే అజిమత్ స్క్రూ తిప్పి మాటల్లో సకారాలు పదునుగా వినిపించేదాకా సరిచెయ్యండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఎక్కించండి. ఎంపీ3 వినడానికే, దాచడానికి కాదు. ఆవిడ కాప్స్ యాసలో (కేప్‌టౌన్ వాడుక ఆఫ్రికాన్స్) మాట్లాడితే బడి ఆఫ్రికాన్స్‌లోకి దిద్దొద్దు, ఉన్నదున్నట్టు రాయండి.

పాకంగారె:
కుసిస్టర్ అంటే జడలా అల్లి చల్లటి పాకంలో ముంచేదేగా?

సూదీదారం:
అయ్యో, అది కూక్‌సిస్టర్, వేరే! కేప్ మలేవాళ్ళది (కేప్‌టౌన్ ముస్లిం సమాజం) అల్లరు. ఈస్ట్ వేసిన మెత్తటి పిండిలో సోంపు, దాల్చినచెక్క, శొంఠి, ఎండిన నార్చీ కమలా తొక్క పొడి. కొందరు ఉడికిన బంగాళాదుంప కలుపుతారు. వేయించి, మరిగే పాకంలో వేసి, కొబ్బరి చల్లుతారు.

పాకంగారె:
మరి పాకం గారెలేగా!

సూదీదారం:
గారెలో ఈస్ట్ ఎక్కడిది?

కేప్‌గాలి:
తాళంచెవి సంగతి ఎవరూ చెప్పలేదు.

పాతకాగితం:
ఇనుమా? బ్రాసో పాలిష్‌తో తోమొద్దు, నిమ్మకాయ అసలే వద్దు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, పైపైన పలచటి తుప్పు ఉంటే మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రాయండి. సిలికా జెల్ పొట్లంతో బిగువైన డబ్బాలో పెట్టండి. ఉత్తరం ఉన్న కవర్లో మాత్రం కాదు, తుప్పు కాగితానికి ఎక్కుతుంది. చీటీని నూలు దారంతో కట్టి పెన్సిల్‌తో రాయండి: ఏ వీధి, ఏ నంబరు, వీధి తలుపుదా పెరటిదా. ఆ చివరిది ఆవిడకే తెలుసు, ఈ వారమే అడగండి.