మూడు వారాల కెన్యా సేవతో పిల్లాడు మారతాడా?

బ్రాడీపేట_నాన్న: అబ్బాయి బీటెక్ మూడో ఏడాది. బెంజిసర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్లు కెన్యాలో కిసుము దగ్గర అనాథాశ్రమంలో మూడు వారాల వాలంటీరింగ్, సర్టిఫికెట్, మొత్తం లక్షా ఎనభై వేలు అంటున్నారు. ఎంఎస్ అప్లికేషన్‌కి పనికొస్తుందట, లోకజ్ఞానమూ వస్తుందట. పంపొచ్చా?

గాంధీనగర్_గోపి: టికెట్ కలిపా, విడిగానా?

పటమట_నర్సు: పంపొద్దండి. పిల్లల ఆశ్రమాలకు కొత్త రిజిస్ట్రేషన్లు కెన్యా 2017లోనే ఆపేసింది. దాతలు వస్తున్నన్నాళ్లూ మంచాలు నిండుగా కనపడాలి కాబట్టి తల్లో తండ్రో ఉన్న పిల్లల్ని కూడా తెచ్చి పెడతారు. మూడు వారాలకో కొత్త అన్నయ్య వచ్చి ముద్దుచేసి వెళ్లిపోతుంటే, ఆ పిల్లలు ఎవరు కనపడినా చంకెక్కుతారు. ఫొటోలో అది ప్రేమలా ఉంటుంది. ఇంకోటి, పర్యాటకుల ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) మీద వెళ్లి జీతం లేని పనైనా చేయకూడదు, స్పెషల్ పాస్ తీయాలి. మీ కన్సల్టెన్సీ ఆ మాట చెప్పిందా?

అరండల్‌పేట_4వ_లైను: మనకి 2024 దాకా వాలంటీరంటే యాభై ఇళ్లకొకరు, వాళ్లకే నెలకి ఐదువేలు ఇచ్చేవారు. ఇదేంటి, ఎదురు మనమే కట్టాలా?

లబ్బీపేట_రవి: అక్కా, ఆశ్రమం తప్పే, ఒప్పుకుంటా. దానికి మొత్తం విదేశీ సేవనే తిట్టిపోస్తే ఎలా? చేతిలో ఒక విద్యతో ఆర్నెల్లు, ఏడాది వెళ్లేవాళ్ల సంగతి వేరు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్లయితే ఫీజు కట్టక్కర్లేదు, పైగా భత్యం, బీమా ఇస్తారు. 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకి విడిగా విభాగం ఉంది. మార్పు ఎక్కడ మొదలవుతుందో చెప్తా. స్వాహిలీలో గంటల లెక్క పొద్దుపొడుపు నుంచి. ఉదయం ఏడంటే 'సా మోజా', ఒకటో గంట. 'సా నానె'కి రమ్మంటే, నానె అంటే ఎనిమిదే కదా అని పొద్దున్నే పోయి గేటు ముందు పడిగాపులు కాస్తారు కొత్తవాళ్లు. వాళ్లు రమ్మంది మధ్యాహ్నం రెండింటికి! అలా నాలుగుసార్లు అయితేగానీ మన పెత్తనం తగ్గదు. మూడు వారాలు దానికే చాలవు.

పటమట_నర్సు: గంటలు సరే, మాత్రల సంగతి? ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. తిరిగొచ్చేటప్పుడు కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్. కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డు, మలేరియా ఎక్కువ. డాక్సీసైక్లిన్ 100 ఎంజీ డాక్టర్ రాస్తే, వెళ్లే ముందురోజు నుంచి రోజూ ఒకటి, వచ్చాక మరో 4 వారాలు. మింగిన వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడుతుంది. ఇల్లు చేరగానే మానేస్తారు, అక్కడే తేడా కొడుతుంది. పది రోజులకి జ్వరమొస్తే ఇక్కడ డెంగీ అనుకుంటారు. కెన్యా వెళ్లొచ్చామని డాక్టరుకి ముందే చెప్పాలి.

గాంధీనగర్_గోపి: టికెట్ సంగతి ఎవరూ చెప్పరే.

సింగ్‌నగర్_శీను: 2024 సెప్టెంబర్‌లో బుడమేరు మా వీధుల్లోకొచ్చినప్పుడు ఈ లోకజ్ఞానులంతా ఎక్కడున్నారు? బురద తడి మీదున్నప్పుడే పారతో లాగి నీళ్లు కొట్టాలి. ఎండిందంటే గచ్చుకి పట్టేస్తుంది. మనుషులు కావాల్సింది ఆ రెండ్రోజులే. బెంజిసర్కిల్ నుంచి ఆటో చాలు, పాస్‌పోర్ట్ అక్కర్లేదు.

లబ్బీపేట_రవి: ప్రతిదానికీ బుడమేరేనా శీనూ?

సింగ్‌నగర్_శీను: మునిగింది మీ ఇల్లు కాదుగా.

బ్రాడీపేట_నాన్న: గొడవ పడకండి, అసలు మాట చెప్తా. ఇక్కడ ఎక్కడికి పంపినా మొదట 'ఎవరబ్బాయివి', తర్వాత 'మీరేమిట్లు'. పార పట్టుకున్నా ఏ పార్టీ తరఫున అంటారు. ఇవేవీ అడగనిచోట నాలుగు రోజులు ఉండొస్తాడని నా ఆశ. ఎంఎస్ ఒక వంక.

పటమట_నర్సు: కిసుములో మనవాళ్లని 'ముహిండి', అంటే ఇండియావాడు అంటారండి. 1901లో అక్కడిదాకా రైలు పట్టాలు వేసింది మన దేశపు కూలీలే, తర్వాత దుకాణాలు పెట్టిందీ మన దేశం వాళ్లే. అక్కడ కూడా మీవాణ్ణి షావుకారుగారి తాలూకా అనే చూస్తారు.

సింగ్‌నగర్_శీను: కులం అడిగితే చెప్పకపోతే సరి. దానికి లక్షా ఎనభై ఎందుకు?

లబ్బీపేట_రవి: చెప్పకపోతే ఇంటిపేరు అడుగుతారు.

సింగ్‌నగర్_శీను: అదీ నిజమేలే.

గాంధీనగర్_గోపి: టికెట్?

బ్రాడీపేట_నాన్న: ఇప్పుడే ఫోన్ చేశా. టికెట్ విడిగానట. స్పెషల్ పాస్ గురించి అడిగితే సారు మీటింగ్‌లో ఉన్నారన్నారు.