అప్‌డేట్: ‘క్షణం’ రెండోసారి చూశాక

రహస్యం తెలిసిపోయాక కూడా ‘క్షణం’ (2016) అనే థ్రిల్లర్ సినిమా ఆకట్టుకుంటుందా అని నేను అడిగిన ప్రశ్నకు ఓపికగా బదులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం కూకట్‌పల్లిలో అక్క ఇంట్లో అందరం కలిసి చూశాం. ఆకట్టుకుంది.

రవికాంత్ పేరేపు దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి ప్రాణం దాని మూల ప్రశ్నే: కూతురు తప్పిపోయిందని శ్వేత ఏడుస్తుంటే, అసలు ఆమెకు పిల్లలే లేరని చుట్టూ ఉన్నవారు చెబుతుండటంతో, అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చిన ఆమె మాజీ ప్రేమికుడు రిషితో పాటు మనమూ ఎవరి మాట నమ్మాలో తేల్చుకోలేకపోతాం. ముగింపు తెలిసి చూసినప్పుడు ఆ సందేహం పోయినా, శ్వేత ఒంటరితనం మరింత బాధిస్తుంది. శ్వేతగా ఆదా శర్మ నటన విలువ నాకు ఇప్పుడే పూర్తిగా అర్థమైంది. శ్రీచరణ్ పాకాల నేపథ్య సంగీతమూ ఉత్కంఠను చివరిదాకా నిలబెట్టింది.

లోపాలు లేకపోలేదు. ప్రేమకథ గతంలోకి వెళ్లిన ప్రతిసారీ పరిశోధన వేగం తగ్గుతుంది. ద్వితీయార్ధంలో మలుపులు వెంటవెంటనే రావడంతో, ఒకదాని బరువు మనసుకు చేరకముందే మరొకటి ఎదురవుతుంది. చివర్లో కారణాలను సన్నివేశాల్లో చూపడం కంటే వివరించి చెప్పడమే ఎక్కువైందని నా అభిప్రాయం. అక్క మాత్రం ఆ వివరణ అవసరమేనని గట్టిగా వాదించింది.