నెట్‌హ్యాక్‌లో బ్లాక్ పుడ్డింగ్: ఇనుప కత్తితో కొట్టిన కొద్దీ రెండుగా చీలుతోంది, ఎలా ఎదుర్కోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను కొంతకాలంగా నెట్‌హ్యాక్ అనే నేలమాళిగల అన్వేషణ కంప్యూటర్ ఆటలో 3.6 వెర్షన్ ఆడుతున్నాను. నిన్న రాత్రి నా వాల్కిరీ (ఆటలో నేను ఎంచుకున్న యోధురాలి పాత్ర) మొదటిసారిగా పద్నాలుగో అంతస్తుకు చేరింది. అక్కడ ఒక పెద్ద గది మధ్యలో పి అక్షరం నెమ్మదిగా నా వైపు జరుగుతూ కనిపించింది. అది బ్లాక్ పుడ్డింగ్ అని ఆట చెప్పింది కానీ, అంత మందకొడిగా కదిలే జిగురుముద్ద నన్నేం చేస్తుందనుకుని లాంగ్ స్వోర్డ్‌తో కొట్టాను. కొట్టగానే అది రెండుగా విడిపోయింది. మళ్ళీ కొడితే మూడయ్యాయి. కాసేపటికి నా చుట్టూ అయిదు చేరి, శిరస్త్రాణాన్నీ కవచాన్నీ ఆమ్లంతో తినేస్తూ నన్ను చంపేశాయి. అప్పటికే కత్తి కూడా పూర్తిగా పాడైపోయింది. ఈ ఆటలో చనిపోయిన పాత్ర తిరిగి రాదు కనుక, రెండు వారాల శ్రమ అక్కడితో ముగిసింది.

నాకు తెలియవలసినవి రెండు విషయాలు. విడిపోయిన ప్రతి ముద్దకూ పూర్తి బలం వస్తుందా, లేక ఉన్న బలమే పంచుకుంటాయా? రెండవది, పాత మార్గదర్శకాల్లో కొందరు వీటిని కావాలనే పెంచి లాభం పొందవచ్చని రాశారు. నన్ను చంపిన ఈ జీవితో లాభం ఎలా సాధ్యమో నాకు అర్థం కాలేదు.

సమాధానం 1

మీ వాల్కిరీ విషయంలో నాకు నిజంగా బాధగా ఉంది. లోతుకు చేరిన తొలి పాత్రను పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

బలం విషయానికి వస్తే, అవి ఉన్నదాన్నే పంచుకుంటాయి. బ్లాక్ పుడ్డింగ్ పదో స్థాయి జీవి కనుక దాని హిట్ పాయింట్లు (ప్రాణబలం) ఎనిమిది ముఖాల పాచికను పదిసార్లు వేసినంత, అంటే సగటున 45 ఉంటాయి. మీ దెబ్బ 9 పాయింట్లు తీసిందనుకుందాం. మిగిలిన 36 రెండు ముద్దలకూ 18 చొప్పున వెళతాయి. వాటిలో ఒకదాన్ని మళ్ళీ 9 పాయింట్ల దెబ్బ కొడితే, మిగిలిన 9 పాయింట్లు 5, 4 గా చీలుతాయి. ఇప్పుడు మీ ఎదుట మూడు ముద్దలున్నా వాటన్నింటి మొత్తం 27 మాత్రమే, అంటే 45 లోంచి మీ రెండు దెబ్బలు తీసివేయగా మిగిలినదే. కొట్టడం వల్ల మీరు నష్టపోలేదు, చంపవలసిన మొత్తం ఒక్క పాయింటు కూడా పెరగలేదు.

నష్టం కాటు దగ్గర వస్తుంది. హిట్ పాయింట్లు సగమైనా కాటు సగం కాదు. 4 పాయింట్లున్న ముద్ద కూడా 45 పాయింట్లున్న ముద్ద కరిచినట్టే కరుస్తుంది, ఒక్కో కాటుకు 3 నుంచి 24 వరకు, సగటున 13.5 పాయింట్లు పోతాయి. మూడు ముద్దలూ కరిస్తే సగటున 40.5 పాయింట్లు. అయిదు ముద్దల మధ్య మీరెందుకు నిలవలేకపోయారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. అందుచేత గుంపు ఏర్పడినప్పుడు కొత్త ముద్దను కదిలించకుండా, అన్నిటికన్నా బలహీనమైనదాన్ని ముందు చంపి కాట్ల సంఖ్యను తగ్గించుకోవాలి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. విడిపోయినప్పుడు ప్రస్తుత హిట్ పాయింట్లే పంచబడతాయి, గరిష్ఠ పరిమితి మాత్రం రెండింటికీ పాతదే ఉంటుంది. సాధారణ జీవులన్నీ ప్రతి 20 వంతులకు ఒక పాయింటు కోలుకుంటాయి కాబట్టి, మీరు పారిపోయి చాలాసేపటికి తిరిగి వస్తే ఆ చిన్న ముద్దలన్నీ పూర్తి బలంతో ఎదురుపడవచ్చు. మొదలుపెట్టిన పోరాటాన్ని ముగించాలి, లేదంటే ఆ అంతస్తునే వదిలి వెళ్ళాలి.

సమాధానం 2

పైవారి లెక్క సరైనదే. అయితే అసలు అది విడిపోకుండా చూసుకోవడం ఇంకా మేలు. చేతిలో పట్టుకున్న ఆయుధం ఇనుముతో చేసినదై, దెబ్బ తగిలాక కూడా ఆ జీవికి ఒకటి కంటే ఎక్కువ హిట్ పాయింట్లు మిగిలి, చీలిన ముద్దకు చోటు ఉన్నప్పుడే అది చీలుతుంది. విసిరిన ఆయుధానికి ఈ నియమం వర్తించదు. అందువల్ల ఇనుప బాకులైనా సరే, దూరం నుంచి విసిరితే ముద్ద ఒక్కటిగానే ఉంటుంది. వాల్కిరీ బాకుల విద్యలో ఎక్స్‌పర్ట్ స్థాయి దాకా ఎదగగలదు, పైగా ఆమె వేగం 12 కాగా ఈ పుడ్డింగ్ అంతకంటే నెమ్మదిగా కదులుతుంది. నాలుగైదు బాకులు విసిరి, వెనక్కు నడిచి, అది ముందుకు జరిగాక దాని పక్కనుంచి తిరిగి వచ్చి బాకులు ఏరుకోవడానికి ఓపిక కావాలి కానీ, ప్రాణభయం చాలా తక్కువ.

దగ్గరగా పోరాడక తప్పకపోతే వెండి సేబర్ గానీ, ఎల్ఫ్‌ల బాకు, బ్రాడ్‌స్వోర్డ్ వంటివి గానీ వాడండి. ఈ ఆటలో ఎల్ఫ్‌ల కత్తులు కొయ్యతో చేసినవి. అవి పుడ్డింగ్‌ను చీల్చవు, ఆమ్లం కూడా వాటిని తినలేదు, ఎందుకంటే ఆ విధంగా దెబ్బతినేవి ఇనుము, రాగి మాత్రమే. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. లాంగ్ స్వోర్డ్‌ను నీటిబుగ్గలో ముంచి ఎక్స్‌కాలిబర్ అనే విశిష్టమైన కత్తిని సంపాదించినవారు ఇక భయం లేదనుకుంటారు. ఆ కత్తికి ఆమ్లం వల్ల హాని జరగదన్నది నిజమే కానీ అది ఇప్పటికీ ఇనుమే, కాబట్టి పుడ్డింగ్‌ను మామూలు కత్తిలాగే చీలుస్తుంది.

మంత్రదండాల్లో చలి, మెరుపు దీనిపై పనిచేయవు. విషం కూడా అంతే. నిప్పు, నిద్ర, మ్యాజిక్ మిస్సైల్ పనిచేస్తాయి. ప్రత్యేక శక్తులను రద్దుచేసే క్యాన్సలేషన్ దండం తగిలితే ఆ ముద్ద ఇక ఎన్నటికీ చీలదు. గదిలోకి దూరి తలుపు వేసుకుందామని మాత్రం అనుకోవద్దు, ఆకారం లేని జీవి కనుక తలుపు కింది సందులోంచి పారి వచ్చేస్తుంది.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. గరిష్ఠ పరిమితి సంగతి నేను ఊహించనైనా లేదు. నాకు మరో ఆలోచన వచ్చింది. ఇరుకైన నడవాలో నిలబడి లాంగ్ స్వోర్డ్‌తోనే పోరాడితే, చీలిన ముద్దలన్నీ ఒకదాని వెనుక ఒకటి వరుసగా నిలబడవలసి వస్తుంది కదా? అప్పుడు ఒకసారికి ఒకటే కరుస్తుంది.

సమాధానం 3

నడవా కొంతవరకు కాపాడుతుంది, కానీ దాన్ని పూర్తిగా నమ్ముకోకండి. కొత్త ముద్దకు స్థానం ఎంచేటప్పుడు ఆట, పాత ముద్దకు అత్యంత సమీపంలో ఉన్న ఖాళీ గడిని వెతుకుతుంది. మొదటిసారి ఆ గడి దాని వెనుకే దొరుకుతుంది. వెనుక గడి నిండిపోయాక వెతుకులాట రెండు గడుల దూరానికి విస్తరిస్తుంది, అప్పుడు మీ వెనుక ఉన్న గడి కూడా లెక్కలోకి వస్తుంది. మధ్యలో మీరు అడ్డుగా ఉన్నారన్నది అది పట్టించుకోదు. అలా ముందొకటి, వెనుకొకటి చేరి నడుమ ఇరుక్కుపోయిన అనుభవం నాకుంది, నడవాలో పక్కకు తప్పుకునే దారి కూడా ఉండదు. మెట్ల మీద నిలబడి పోరాడటమే నా సలహా. పరిస్థితి చేయి దాటితే ఒక్క అడుగులో అంతస్తు మారవచ్చు, పక్కనే ఉన్న ముద్దలు వెంట వచ్చినా మిగిలినవి అక్కడే ఉండిపోతాయి.

పెంపకం గురించి మీరడిగిన రెండో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు కనుక చెబుతున్నాను. ఆ మార్గదర్శకాలు 2003 డిసెంబరులో వచ్చిన 3.4.3 వెర్షన్ కాలం నాటివి. అప్పట్లో చచ్చిన జీవి ఆరింట ఒక వంతు అవకాశంతో ఏదో ఒక వస్తువును వదిలేది, చీలి పుట్టిన పుడ్డింగ్‌కు కూడా ఇదే వర్తించేది. ఆటగాడు మంచి కవచం ధరించి, ఆమ్లం అంటని ఇనుప ఆయుధంతో బలిపీఠం పక్కన నిలబడి, ముద్దలను చీలుస్తూ, కోలుకోనిస్తూ, చంపుతూ గంటల తరబడి గడిపేవాడు. రాలిన వస్తువులు కుప్పలు పడేవి, కళేబరాలను బలి ఇస్తే దేవుడు ప్రసాదించే విశిష్టాయుధాలు దక్కేవి. అనుభవ పాయింట్లకు మాత్రం అప్పుడే కళ్ళెం ఉంది, చీలి పుట్టినవాటిని 20 చంపాక ఒక్కోదానికి వచ్చేది సగమయ్యేది, ఇంకో 20 తర్వాత అందులో సగం.

2015 డిసెంబరులో వచ్చిన 3.6.0 ఈ దారిని మూసేసింది. చీలి పుట్టిన జీవి ఇప్పుడు అలా వస్తువులను వదలదు. పుడ్డింగ్ చస్తే కళేబరానికి బదులు ఒక జిగట ఉండ మిగులుతుంది, పక్కపక్కన పడిన ఉండలు ఒకటిగా కలిసిపోతాయి, వాటిని బలి ఇవ్వడం కుదరదు. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. గంటల కొద్దీ ఒకే మీట నొక్కుతూ కూర్చున్నవాడు ఆటలోకెల్లా బలవంతుడు కావడం, ప్రతి అడుగూ ఆలోచించి వేయవలసిన ఇలాంటి ఆటకు తగినది కాదు.

అయినా ఆ ఉండను వృథాగా వదిలేయకండి. ఆమ్లగుణం ఉన్నది కాబట్టి, శరీరం రాయిగా మారుతున్నప్పుడు బ్లాక్ పుడ్డింగ్ ఉండను తింటే ఆ మార్పు ఆగిపోతుంది. మామూలు సమయంలో తింటే మాత్రం ఆమ్లం వల్ల కొంత హాని జరగవచ్చు. గ్రీన్ స్లైమ్ అనే మరో జీవి చచ్చినా ఇలాంటి ఉండే మిగులుతుంది, దాన్ని తింటే మీరే స్లైమ్‌గా మారడం మొదలవుతుంది. అందుకే నోట పెట్టుకునే ముందు పేరు చదవండి.

సమాధానం 2 రాసినవారు

మెట్ల సలహా నాకూ నచ్చింది, నేను మరిచిపోయాను. ఇంకొక్క మాట చేర్చాలి. బాగా లోతుకు వెళ్తేనే ఇది ఎదురవుతుందని అనుకోవద్దు. పై అంతస్తుల్లో సింక్ కనిపిస్తే కాలితో తన్నకండి, దాని కాలువలోంచి బ్లాక్ పుడ్డింగ్ పైకి ఉబికి రావచ్చు. రెండు మూడు స్థాయిల పాత్రకు అది తప్పనిసరిగా పారిపోవలసిన శత్రువు, నెమ్మదిగా కదులుతుంది కనుక పారిపోవడం సాధ్యమే.

ప్రశ్న వేసినవారు

నా కొత్త వాల్కిరీ మూడో అంతస్తులో ఉంది. అక్కడ ఒక సింక్ ఉంది, దాన్ని తన్నాలనే అనుకుంటూ ఈ పేజీ తెరిచాను. ఇప్పుడు దాన్ని వదిలేసి, ముందు బాకులు సేకరిస్తాను.