ప్లేఆఫ్స్ గడ్డాల గురించి బేస్‌బాల్ తెలిసినవాళ్లు చెప్పండి

నమస్తే అండి. నేను బోస్టన్ రెడ్ సాక్స్ అభిమానిని, ఆట చూడటం మొదలుపెట్టింది ఈమధ్యే. 2013 వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ లీగ్ ఫైనల్) పాత మ్యాచ్‌లు చూస్తుంటే ఒక సందేహం వదలడం లేదు. నేపోలి, గోమ్స్, పెడ్రోయా... ఎవరిని చూసినా గుబురు గడ్డమే. హోమ్ రన్ కొట్టి వచ్చినవాడి గడ్డం పట్టుకుని లాగడమే వాళ్ల సంబరం! అంతకు ముందు ఏడాది 93 మ్యాచ్‌లు ఓడి డివిజన్‌లో అట్టడుగున ఉన్న జట్టు అలా కలిసికట్టుగా గెలవడం చూస్తే నిజంగా ఒళ్లు పులకరిస్తుంది.

ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివర్లో కప్పు కోసం జరిగే నాకౌట్ పోటీలకి) గడ్డం పెంచే అలవాటు 1980ల్లో న్యూయార్క్ ఐలాండర్స్ అనే ఐస్ హాకీ జట్టుతో మొదలైందంటారు. ఓడిపోయేదాకా, లేదా కప్పు గెలిచేదాకా గీసుకోకూడదు, మన తిరుపతి మొక్కులాగా. కానీ రెడ్ సాక్స్ వాళ్లు స్ప్రింగ్ ట్రైనింగ్‌లోనే (సీజన్‌కి ముందు జరిగే సాధనలోనే) పెంచడం మొదలుపెట్టారు కదా. మరి బేస్‌బాల్‌లో పద్ధతి ఏమిటి? మధ్యలో ట్రిమ్ చేసుకుంటే నియమం తప్పినట్టేనా?

ఇంకోటి, నాకు ఇదే ముఖ్యం. పిచర్ వేసిన బంతి ఒంటికి గానీ బట్టలకు గానీ తగిలితే బ్యాటర్‌కి ఫస్ట్ బేస్ (పరుగు దారిలో మొదటి మజిలీ) ఉచితంగా ఇస్తారు. మరి గడ్డానికి తగిలితే? అలా ఎప్పుడైనా జరిగిందా? అంపైర్ ఏం చెప్పాడు?

న్యూయార్క్ యాంకీస్ అనే మరో బేస్‌బాల్ జట్టు సంగతి కూడా చెప్పండి. 1970ల నుంచి ఉన్న గడ్డం నిషేధాన్ని వాళ్లు 2025 ఫిబ్రవరిలో సడలించారు. అప్పటిదాకా ప్లేఆఫ్స్‌లో మీసాలతోనే సరిపెట్టుకున్నారా? పాత మ్యాచ్‌లు చూసినవాళ్లెవరైనా ఉంటే వివరంగా రాయండి, ప్లీజ్.