ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే ఆపే హక్కు వీధివాళ్లకు ఉందా?

తోటపాలెం వాసి:
మాది విజయనగరం. మా వీధిలో ఒకావిడ ఇంట్లో శుక్రవారం సాయంత్రం పదిహేను మంది దాకా ప్రార్థనకు కూడుతారు. పోయిన వారం కొందరు కుర్రాళ్లు గేటు దగ్గర నిలబడి "ఏ ఊరు మీది, ఎంతిస్తున్నారు?" అని వచ్చినవాళ్లని ఆపారు. సెల్‌లో వీడియోలు తీశారు. బయట విడిచిన చెప్పులు కాలవలోకి తన్నేశారు. మంచి పనే చేశారని వీధిలో సగం మంది అంటున్నారు. మీరేమంటారు?

గంటస్తంభం:
మైకు సంగతి చెప్పలేదేం? మా పక్కింట్లో ఇదే గోల. పిల్లకి ఇంటర్ పరీక్షలు, తగ్గించమంటే తగ్గించరు. పైగా 2020 డిసెంబరులో రామతీర్థం బోడికొండ మీద రాముడి విగ్రహం తల తీసి కొలనులో పడేశాక జనం మనసులు విరిగిపోయాయి. అది కూడా చూడాలి.

నాగావళి ఒడ్డు:
రామతీర్థానికీ ఆ ఇంటావిడకీ ఏమిటండీ సంబంధం? మైకంటారా, దానికి 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ కూడదు. మైకులు పెట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు అదే ఏడాది చెన్నై చర్చి కేసులో అంది. ఒప్పుకుంటాను. మరి మా శ్రీకాకుళంలో నిమజ్జనం డీజేకి కిటికీ అద్దాలు అదురుతాయి. దాన్నీ ఆ లెక్కనే కొలుద్దామా?

తోటపాలెం వాసి:
ఈ ఇంట్లో మైకు లేదండీ. ఒక డోలక్కు, చప్పట్లు. అంతే.

గంటస్తంభం:
సరే, లేదనుకుందాం. మా అమ్మ ఆస్పత్రిలో ఉంటే ఎవరో వచ్చి, మీ దేవుళ్లు దయ్యాలని కరపత్రం చేతిలో పెట్టి వెళ్లారు. ఆవిడ రాత్రంతా ఏడ్చింది. అది వేధింపు కాదా?

బాబామెట్ట ఆడపడుచు:
వేధింపే అన్నయ్యగారూ. మంచాన ఉన్న మనిషి దగ్గర ఆ మాట అనడం ఎవరికైనా తప్పే. అన్నవాళ్లనే నిలదీయండి, ఈవిడ గేటు దగ్గరకెందుకు?

మా సంగతీ చెప్తాను. మొన్న అద్దె ఇల్లు వెతికాం. అడ్వాన్సు దాకా వచ్చాక పేరడిగారు. "మా అబ్బాయి దిగుతున్నాడమ్మా, ఇవ్వలేం" అన్నారు. మూడిళ్లలోనూ ముగ్గురబ్బాయిలు ఒకేసారి దిగారు! ఇప్పుడెవరో వచ్చి ఖాదర్ వలీ బాబా దర్గాకి హిందువులూ వస్తారు, సిరిమాను జాతరకి ముస్లింలూ వెళ్తారు అని రాస్తారు. నిజమే, మా నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని సిరిమాను చూపించారు. కానీ జాతర ఒక్క మంగళవారం. ఇల్లు ఏడాదంతా కావాలి.

నాగావళి ఒడ్డు:
ప్రార్థన సభను కావాలని చెడగొడితే భారతీయ న్యాయ సంహిత 300 సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. వీడియోలు తీసింది వాళ్లే కదా, సాక్ష్యం కూడా వాళ్ల దగ్గరే ఉంది. ఆవిడని ఫిర్యాదు ఇమ్మనండి.

గంటస్తంభం:
చెప్పులు తన్నడం మాత్రం నేనూ సమర్థించను. మైకు మాట వదలను.

తోటపాలెం వాసి:
అడిగాను. కేసు వద్దన్నారు. ఆ కుర్రాళ్లలో ఒకడు పదో తరగతిలో ఆవిడ దగ్గరే లెక్కలు ట్యూషన్ చదివాడట. నిన్న శుక్రవారం చెప్పులు లోపల పెట్టించి తలుపేసుకున్నారు. డోలక్కు వినపడలేదు.