"బొమ్మకు ప్రాణం పోయడం": ఈ మాట ఎక్కడ వాడాలి?

"కార్టూన్ సినిమాలను కదిలే బొమ్మలు అంటే చాలు కదా, ప్రాణం పోశాడు లాంటి పెద్ద మాటలెందుకు?" అని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. చాలదండీ. కదలడం వేరు, ప్రాణం ఉండటం వేరు. గాలికి ఊగే జెండా కూడా కదులుతుంది, దానికి ప్రాణం ఉందని ఎవరూ అనరు కదా. ఈ తేడా నాకు బాగా తెలిసింది విన్సర్ మెకే బొమ్మలు చూశాకే.

మెకే అమెరికాలో పత్రికల చిత్రకారుడు. సిన్సినాటిలో పోస్టర్లు, పత్రికలకు బొమ్మలు వేసి, 1903లో న్యూయార్క్ హెరాల్డ్ పత్రికకి వెళ్ళాడు. 1905 అక్టోబరులో అక్కడ "లిటిల్ నీమో ఇన్ స్లంబర్‌లాండ్" అనే బొమ్మల కథ మొదలుపెట్టాడు, రాత్రి కలల్లో ఎక్కడెక్కడో తిరిగి చివరి గడిలో మంచం మీద మేలుకునే పిల్లాడి కథ. 1911లో అదే నీమోని సినిమాకి ఎక్కించాడు, దానికి దాదాపు 4,000 బొమ్మలు గీశాడు. అంతకుముందే, 1906లో, బ్లాక్‌టన్ అనే అమెరికా సినిమా దర్శకుడు నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసిన మొహాలను తెర మీద కదిలించాడు. అవి కళ్ళు తిప్పుతాయి, నవ్వుతాయి, చూడటానికి సరదాగా ఉంటాయి. వాటికి "కదిలే బొమ్మలు" అన్న మాట సరిగ్గా సరిపోతుంది.

1914లో వచ్చిన మెకే సినిమాలోని గర్టీ అనే డైనోసార్‌కి మాత్రం ఆ మాట సరిపోదు. మెకే కొరడా పట్టుకుని స్టేజీ మీద తెర పక్కన నిలబడి, వంగి నమస్కారం పెట్టు, కాలెత్తు అని చెబుతుంటే గర్టీ ఒక్కోసారి మాట వింటుంది, ఒక్కోసారి మొండికేస్తుంది, తిడితే చిన్నపిల్లలా ఏడుస్తుంది. ఆయన ఆపిల్ పండు విసిరినట్టు చేస్తే తెర మీద నోటితో అందుకుంటుంది. ఆఖర్లో ఆయన తెర వెనక్కి వెళ్ళిపోతాడు, అదే క్షణంలో తెర మీద బొమ్మగా కనబడి గర్టీ మీదెక్కి సాగిపోతాడు. నాకు వీటన్నిటికంటే నచ్చేది అది ఏమీ చేయకుండా ఉన్నప్పుడు కూడా ఊపిరి తీస్తూ ఉండటం, పొట్ట పొంగి మళ్ళీ తగ్గుతుంది చూడండి, అక్కడే ఉంది అసలు పనితనం. నిలబడి ఉన్న బొమ్మ ఊపిరి తీస్తోందంటే దానికి "ప్రాణం పోశాడు" తప్ప ఇంకో మాట నాకు తోచదు.

దాని వెనక చాకిరీ కూడా తక్కువేం కాదు. ఒకే వెనక దృశ్యం మీద కదిలే బొమ్మను పెట్టుకునే పారదర్శకమైన సెల్ షీట్లు ఇంకా ఆయన చేతికి రాలేదు కాబట్టి ప్రతి కాగితం మీదా డైనోసార్‌తో పాటు కొండలు, చెరువు మళ్ళీ మళ్ళీ గీయాల్సిందే. ఆ వెనక దృశ్యం పని జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే కుర్రాడు చేశాడు. అలా వేల కాగితాలు. అందుకే ఆ గీతలు తెర మీద సన్నగా వణుకుతుంటాయి.

వ్యాఖ్య: బాగా చెప్పారు సార్. మరి ఆయన ఆ తర్వాత ఎందుకు ఆగిపోయారు?

జవాబు: ఒక్కసారిగా ఆగలేదండీ. 1911 నుంచి ఆయన హర్స్ట్ అనే పత్రికాధిపతి పత్రికల్లో ఉద్యోగి. స్టేజీ ప్రదర్శనలు తగ్గించుకుని సంపాదకీయాలకు బొమ్మలు వేయమని యాజమాన్యం ఒత్తిడి పెట్టింది. అయినా సొంత డబ్బుతో 1918లో లూసిటానియా ఓడ మునక మీద సినిమా తీశాడు. 1915లో జర్మన్ జలాంతర్గామి ముంచిన ఓడ అది, 1,198 మంది చనిపోయారు. ఈసారి సెల్ షీట్లే వాడాడు, పొగ, అలలు, ఒరిగిపోతున్న ఓడ అన్నీ వార్తాచిత్రం చూస్తున్నట్టే ఉంటాయి. 1921 తర్వాత సినిమాలు లేవు, 1934లో చనిపోయేదాకా పత్రిక పనే. అంతటి చెయ్యి ఎవరో రాసిన సంపాదకీయాల పక్కన బొమ్మలు వేస్తూ గడిచిపోయిందంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

వ్యాఖ్య: మన బాపు గారు కూడా పత్రికలో కార్టూన్లు వేసే సినిమాల్లోకి వచ్చారు కదండీ. ఆయనకీ ఈ మాట వర్తిస్తుందా?

జవాబు: బాపు గారిది వేరే దారి అక్కా. ఆంధ్రపత్రికలో బొమ్మలేసిన ఆయన 1967లో "సాక్షి"తో దర్శకుడయ్యారు, కానీ తీసింది నటులతో. అయితే మంచి పోలికే గుర్తుచేశారు. అందమైన అమ్మాయిని "బాపు బొమ్మలా ఉంది" అంటాం, అంటే ప్రాణమున్న మనిషిని బొమ్మతో పోల్చి మెచ్చుకుంటున్నాం. గర్టీ విషయంలో అది తిరగబడింది, బొమ్మని పట్టుకుని ప్రాణమున్న జంతువులా ఉందంటున్నాం. రెండూ మెప్పులే.

ఇక మొదటి ప్రశ్నకి వస్తే, ఆ వృత్తికి, కోర్సుకి, ఉద్యోగానికి "యానిమేషన్" అనే వాడదాం, అది ఎలాగూ అందరి నోళ్ళలో నలిగిన మాటే. "ప్రాణం పోశాడు" అన్నది మాత్రం ప్రతి కదిలే బొమ్మకీ కాకుండా, గర్టీ లాంటి వాటికి ఉంచుదాం.