ఓరియంట్ లాంగ్‌మన్, ఓరియంట్ బ్లాక్‌స్వాన్ ఒకటేనా? ఇంతకీ పెంగ్విన్ ఎవరిది?

అటక_మీద_పిల్లి:
మొన్న అటక సర్దుతుంటే నాన్నగారి డిగ్రీ రోజుల ఇంగ్లిష్ పుస్తకం ఒకటి దొరికింది. లోపలి పేజీలో ఓరియంట్ లాంగ్‌మన్, హిమాయత్‌నగర్, హైదరాబాద్ అని ఉంది. మా పాప స్కూలు పుస్తకం మీదేమో ఓరియంట్ బ్లాక్‌స్వాన్, మళ్ళీ అదే హిమాయత్‌నగర్. పాతదాన్ని ఎవరైనా కొనేశారా, లేక బోర్డు మాత్రం మార్చారా? ఇంకోటి, నా దగ్గరున్న పాత పెంగ్విన్ పుస్తకాల్లో ఉత్త పెంగ్విన్ అనే ఉంది, కొత్తవాటిలో పెంగ్విన్ రాండమ్ హౌస్ అంటున్నారు. ఎవరు ఎవర్ని మింగారో తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

కోఠీ_కౌంటర్:
ఒకటేనండి. నేను ఇరవై ఏళ్ళు పుస్తకాల షాపులో పనిచేశాను, 2008లో పేరు మారినప్పుడు స్కూళ్ళ వాళ్ళు వచ్చి "లాంగ్‌మన్ వాళ్ళవే కావాలి, ఇవి కాదు" అని గొడవ పడేవాళ్ళు, లోపల అడ్రస్ చూపిస్తే గానీ నమ్మేవారు కాదు.

కథ చాలా వెనక్కి వెళ్తుంది. 1724లో లండన్‌లో థామస్ లాంగ్‌మన్ అనే ఆయన విలియం టేలర్ అనే పుస్తక వ్యాపారి దుకాణం కొన్నాడు. అప్పట్లో షాపులకు నంబర్లు ఉండేవి కావు, బొమ్మల బోర్డులే గుర్తు. ఈ షాపు గుర్తులు రెండు, ఓడ ఒకటి, నల్ల హంస ఒకటి. ఓడ బొమ్మ లాంగ్‌మన్ పుస్తకాల మీద చాలాకాలం ఉండిపోయింది. ఇక్కడ మన దేశంలో ఆ కంపెనీ శాఖ 1948లో ఓరియంట్ లాంగ్‌మన్స్ అయింది, తర్వాత వనపర్తి సంస్థానానికి చెందిన రాజా జె. రామేశ్వరరావు గారి చేతికొచ్చింది. ఆయన మహబూబ్‌నగర్ ఎంపీగా కూడా చేశారు (వనపర్తిలో వాళ్ళ కోటలోనే ఇప్పుడు పాలిటెక్నిక్ ఉంది, మా బావమరిది అక్కడే చదివాడు).

చిక్కల్లా పేరుతోనే. లండన్‌లో అసలు లాంగ్‌మన్‌ను 1968లో పియర్సన్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ళు కొనేశారు, కాబట్టి ఆ పేరు వాళ్ళ ఆస్తి. కంపెనీ మనది, పేరు వాళ్ళది అన్నమాట. చివరికి లాంగ్‌మన్‌ను వదిలేసి బ్లాక్‌స్వాన్ పెట్టుకున్నారు. ఊరికే దొరికిన పేరు కాదది, ఆ పాత షాపు బోర్డు మీది నల్ల హంసే.

రైల్లో_పుస్తకం:
పైన ఆయన చెప్పిన పియర్సనే పెంగ్విన్ కథలోనూ ఉంది. ఆ పియర్సన్ 1844లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఇళ్ళు, వంతెనలు కట్టే కాంట్రాక్టరుగా మొదలైన కంపెనీ, పుస్తకాలు తర్వాత అంటుకున్న వ్యసనం.

పెంగ్విన్‌ను 1935లో అలెన్ లేన్ మొదలుపెట్టాడు, ఒక్కో పుస్తకం ఆరు పెన్నీలు, అంటే ఒక సిగరెట్ ప్యాకెట్ ధర. 1970 జూలైలో ఆయన పోయాడు, అదే ఏడు కంపెనీ పియర్సన్ చేతికి వెళ్ళింది.

ఇక రాండమ్ హౌస్‌ది న్యూయార్క్, 1927. బెనెట్ సెర్ఫ్, డొనాల్డ్ క్లాప్ఫర్ అని ఇద్దరు స్నేహితులు, అప్పుడప్పుడు తోచిన పుస్తకం వేద్దామనుకుని ఆ పేరు పెట్టారు. 1965లో ఆర్‌సీఏ, అదే రేడియోల కంపెనీ, కొంది. 1980లో న్యూహౌస్ కుటుంబం, 1998లో జర్మనీ వాళ్ళు బెర్టెల్స్‌మన్. ఈ బెర్టెల్స్‌మన్ 1835లో గ్యూటర్స్‌లో అనే చిన్న ఊళ్ళో భక్తి పుస్తకాలు అచ్చేస్తూ మొదలైంది.

2013 జూలై 1న రెండూ కలిశాయి, బెర్టెల్స్‌మన్‌కు 53 శాతం, పియర్సన్‌కు 47. మీరడిగిన "ఎవరు ఎవర్ని" ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది చూడండి. 2017లో పియర్సన్ 22 శాతం అమ్మింది, 2020లో మిగతా 25 కూడా ఇచ్చేసి పక్కకు తప్పుకుంది. బొమ్మ మాత్రం పెంగ్విన్‌దే, లేకపోతే మనం కొనం కదా.

నూటముప్ఫై_పేజీలు:
దీనికి కొసరు. ఆ పెంగ్విన్ రాండమ్ హౌసే సైమన్ అండ్ షుస్టర్ అనే ఇంకో అమెరికా ప్రచురణ సంస్థను కూడా 217.5 కోట్ల డాలర్లకు కొనబోతే అమెరికా ప్రభుత్వం కోర్టుకెళ్ళింది, 2022 అక్టోబర్ 31న జడ్జి కుదరదన్నారు. నాకు నచ్చిందేంటంటే ప్రభుత్వం వాదన పాఠకుడు కొనే ధర గురించి కాదు, రచయితకిచ్చే అడ్వాన్సు గురించి. కొనే కంపెనీలు తగ్గితే రెండున్నర లక్షల డాలర్లు, ఆ పైన అడ్వాన్సు పలికే పుస్తకాలకు పోటీ తగ్గిపోతుందని. తర్వాతి ఏడు దాన్ని కేకేఆర్ అనే పెట్టుబడి కంపెనీ 162 కోట్ల డాలర్లకు పట్టుకెళ్ళింది.

మన స్థాయిలో అడ్వాన్సు సంగతి దేవుడెరుగు. నా కథల పుస్తకం వేసిన ఒక చిన్న ప్రచురణ సంస్థ (పేరొద్దు) చేతులు మారింది, కొత్తాయన "మీ కాగితాలు మాకు అందలేదండీ" అన్నాడు. రెండేళ్ళు అటు అచ్చూ లేదు, ఇటు హక్కులూ తిరిగి రాలేదు. పుస్తకం ఇచ్చేవాళ్ళెవరైనా, ఇన్నాళ్ళు అచ్చులో లేకపోతే హక్కులు నాకే వస్తాయి అన్న ఒక్క లైను అగ్రిమెంటులో రాయించుకోండి.

అటక_మీద_పిల్లి:
అందరికీ థాంక్స్. నల్ల హంస సంగతి నాన్నగారికి చెప్తే పుస్తకం లాక్కుని మళ్ళీ చూశారు. తెలుగులో ఇలా కొనడాలు, కలవడాలు లేవా మరి?

కోఠీ_కౌంటర్:
కలవడం నేను చూడలేదండి, విడిపోవడమే చూశాను. రాష్ట్రం రెండైనాక విశాలాంధ్ర ఇటువైపు నవచేతన అయింది, ప్రజాశక్తి నవతెలంగాణ అయింది, అవే ర్యాకులు, పైన బోర్డు కొత్తది. ఇక ఎమెస్కో అంటే ఏదో ఇంగ్లిష్ మాట అనుకుంటారు, ఎమ్. శేషాచలం అండ్ కో అన్నదాని పొట్టి పేరు. మీ అటక మీద ఎమెస్కో పాకెట్ బుక్స్ ఏమైనా ఉంటే చెప్పండి, అడిగేవాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు.